మూడు విజిళ్ళూ ఒక టింగూ

ఈ సంక్రాంతికి మా ఇంట్లో హరిదాసు పాట కన్నా, పక్కింటి పుంజు కూత కన్నా ఎక్కువసార్లు వినపడిన శబ్దం ఒకటుంది. "టింగ్!"

మా అమ్ములు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఈసారి పండక్కి మూడు వారాలు రాజమండ్రి నుంచే పని చేసుకుంటానని ఆఫీసులో అడిగి మరీ వచ్చింది. నేనెంత సంబరపడ్డానో ఏం చెప్పను! పనసపొట్టు కూర, గోంగూర పచ్చడి, అరిసెలు, పోకుండలు అంటూ కాగితం మీద రాసి పెట్టుకున్నాను. దానితో చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. ఫోన్లో చెప్పే మాట కాదని రెండు నెలలుగా దాచుకున్నాను. అదేంటో తర్వాత చెప్తాను.

వచ్చిన మర్నాడే భోజనాల బల్ల మీద ఒక చివర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కూర్చుంది అనడమే గానీ కూర్చునేదెక్కడ? ఏదో నాలుగు ముక్కలు టైపు చేస్తుంది, లేచి వంటింట్లోకి వస్తుంది. నా పక్కన చేరి కొబ్బరి ముక్క నోట్లో వేసుకుంటుంది. హమ్మయ్య, ఖాళీ అయింది కదా అని నేను ఏదో మొదలుపెట్టేసరికి "టింగ్!". "ఒక్క నిమిషం అమ్మా" అని పరుగు.

అన్నం కలుపుకుంటే టింగ్. స్నానానికి వెళ్తే టింగ్. లాప్‌టాప్ మోగేది చాలదన్నట్టు అదే కబురు ఫోనుకి కూడా వస్తుంది. రాత్రి పదకొండు దాటాక దిండు కింద నుంచి టింగ్. మా వారైతే మొదటిరోజు కాలింగ్ బెల్లనుకుని రెండుసార్లు తలుపు తీసి చూసొచ్చారు.

"ఎవరే నీకు అన్ని మెసేజీలు పెట్టేది?" అని అడిగాను, కొంచెం ఆశగానే. పెళ్ళీడు పిల్ల కదా, తల్లి మనసు ఎటు పోతుందో మీకు నేను చెప్పాలా?

అది పకపకా నవ్వింది. "మనుషులు కాదమ్మా, ఏజెంట్లు."

నాకు తెలిసిన ఏజెంట్లు ఇద్దరే. ఇన్సూరెన్సు కట్టించుకునే ఆయన, ఇళ్ళ స్థలాలు చూపించే ఆయన. ఇవేం ఏజెంట్లే అంటే, సెనగలు నానబోస్తున్న నా పక్కన స్టూలేసుకుని కూర్చుని వివరంగా చెప్పింది. నాకు అర్థమైనంత వరకూ మీకూ చెప్తాను.

ఇదివరకు ప్రోగ్రాములన్నీ తనే కూర్చుని రాసేదట. 2025 నుంచి పని తీరే మారిపోయిందట. క్లాడ్ కోడ్, కోడెక్స్, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఏం కావాలో మామూలు ఇంగ్లీషులో చెప్తే చాలు, అవే ఫైళ్ళన్నీ వెతికి చదువుకుని, కోడు రాసి, సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షలు పెట్టుకుని చూసుకుంటాయి. ఒక్కో పనికి పది నిమిషాలు పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. అంతసేపూ తెర వైపు చూస్తూ కూర్చోవడం దండగ కదా. అందుకని ఒకదానికి పని చెప్పి దాని మానాన దాన్ని వదిలేసి, రెండోదానికి ఇంకో పని, మూడోదానికి మరో పని. అన్నీ ఒకే ఫైలు మీద పడి కొట్టుకోకుండా ఒక్కోదానికి కోడు కాపీ ఒకటి విడిగా ఇస్తుందట. దాన్ని వర్క్‌ట్రీ అంటారట.

"అంటే నాలుగు బర్నర్ల స్టవ్వన్నమాట" అన్నాను.

"అబ్బ, మా మేనేజర్ కన్నా నువ్వే బాగా చెప్పావు" అంది.

"మరి ఈ టింగులెందుకు?"

"మొదట్లో టింగ్ లేదమ్మా. పని చెప్పి వెళ్ళి, కాఫీ తాగి అరగంటకి వచ్చి చూస్తే అది రెండో నిమిషంలోనే ఆగిపోయి ఉండేది. ఈ కమాండ్ నడపమంటారా, వద్దా అని అడిగి, నా జవాబు కోసం అలాగే కూర్చుని ఉండేది."

నేను నవ్వాపుకోలేకపోయాను. మా వారిని బజారుకి పంపితే అచ్చం ఇంతే. ఎప్పుడూ కొనే రకం సెనగపిండి లేకపోతే ఇంకోటి తేరు, ఫోనూ చెయ్యరు. కొట్టు ముందు నిలబడి నా ఫోను కోసం చూస్తూ ఉంటారు.

"అందుకే హుక్ పెట్టుకున్నా" అంది. సెట్టింగ్స్ ఫైల్లో ఒక చిన్న ఏర్పాటట. ఏజెంటు పని ముగించి ఆగిందా, టింగ్. తనని ఏదైనా అడగాల్సి వచ్చిందా, అప్పుడూ టింగే. ఇంకో నియమం కూడా ఉంది. లాప్‌టాప్ మూత ఎవరూ వెయ్యకూడదు. మూత వేస్తే కంప్యూటర్ నిద్రపోతుంది, నాలుగు పనులూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కరెంటు దండగని మా వారు ఓ రాత్రి మూత వేసేశారు. పొద్దున్నే అది చేసిన గొడవకి ఆయన ఆ బల్ల దరిదాపులకి వెళ్ళడం మానేశారు.

భోగికి ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగింది. మా వారు బ్యాంకు పనిమీద వెళ్ళారు. "తలకి నూనె పెట్టమ్మా" అంటూ అదే వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎన్నేళ్ళైందో అలా కూర్చుని! గోరువెచ్చని కొబ్బరినూనె మాడున పెట్టి మర్దనా చేస్తుంటే కళ్ళు మూసుకుంది. ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది. తల దువ్వి మూడు పాయలు తీసుకుని, మెల్లిగా మొదలుపెట్టాను.

"అమ్ములూ, మొన్న నవంబర్లో నేను డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను కదా..."

"ఊఁ..."

"స్కానింగ్ తీశారు. దాంట్లో ఏమొచ్చిందంటే..."

టింగ్!

"అమ్మా, ఒక్క నిమిషం. ఇది చాలా ముఖ్యమైంది" అని లేచిపోయింది. సగం అల్లిన జడ వీపు మీద ఊడిపోతూ ఉంది. నా చేతిలో దువ్వెన, ఒళ్ళో నూనె గిన్నె. అలాగే కూర్చున్నాను. పావుగంట తర్వాత వచ్చి మళ్ళీ కాళ్ళ దగ్గర చేరి, "ఆఁ, ఏదో అంటున్నావు?" అంది. కళ్ళు మాత్రం ఇంకా ఆ లాప్‌టాప్ వైపే ఉన్నాయి.

"ఏం లేదులే, ఇటు తిరుగు, జడ వేస్తాను" అన్నాను.

కోపం వచ్చిందనుకుంటున్నారా? వచ్చింది. ఆ సాయంత్రం కుక్కర్ పెట్టి, ఆ కోపంతోనే గరిటెలు గట్టిగా పెడుతున్నాను. ఒక విజిల్ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదాని కోసం చెవి అటు పడేసి నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది.

అమ్ములు అయిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వస్తూనే వంటింటి గుమ్మంలో నిలబడింది. బ్యాగు కూడా దించలేదు. మొహం ఎర్రగా ఉంది. "అమ్మా, ఇవాళ స్కూల్లో ఏమైందంటే..." అంది. "ఆగవే, విజిళ్ళు లెక్కపెడుతున్నా, తప్పిపోతాను" అన్నాను. అప్పుడు అత్తయ్యగారికి పప్పు మెత్తగా ఉడక్కపోతే అరిగేది కాదు. మూడో విజిల్ వచ్చింది, స్టవ్ కట్టేశాను. తిరిగి చూస్తే గుమ్మంలో లేదు. రాత్రి అడిగితే "ఏం లేదులే" అంది. ఇవాళ నేనన్న మాటే, అదే గొంతుతో. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

ఇరవై ఏడేళ్ళ కాపురంలో నా చెవి ఎప్పుడూ ఏదో ఒకదాని మీదే ఉండేది. పొయ్యి మీద పాలు, మిషన్లో బట్టలు, మోటారు వేసిన ట్యాంకు. ఎవరేం చెప్పినా సగం చెవితోనే విన్నాను. ఇంక నా కూతుర్ని ఏమని తిట్టను?

ఆ రాత్రి ఒంటిగంటకి మెలకువ వస్తే హాల్లో లైటు వెలుగుతోంది. వెళ్ళి చూద్దును కదా, అమ్ములు తల పట్టుకుని కూర్చుంది. ఏమైందే అంటే కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. మధ్యాహ్నం జడ మధ్యలో మోగిందే, ఆ పని మొత్తం తేడా కొట్టిందట. పరీక్షలన్నీ పాసయ్యాయని ఏజెంటు చెప్పింది. ఎందుకు పాసయ్యాయంటే, పాసవని పరీక్షని అదే తీసేసింది! "నువ్వు జడ పట్టుకుని కూర్చున్నావని గబగబా చూసి సరే అనేశానమ్మా. ఇప్పుడు మా టీం వాడొకడు పట్టుకున్నాడు. తప్పు నాదే, నేను చూసి ఉండాల్సింది" అంది.

పాలు వెచ్చబెట్టి తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చున్నాను. నాకు కంప్యూటర్లు తెలీవు గానీ కుక్కర్లు బాగా తెలుసు. "విజిల్ వచ్చిందంటే లోపల ఆవిరి నిండిందని అర్థమే. పప్పు ఉడికిందని కాదు. పాత కందిపప్పయితే ఆరు విజిళ్ళకీ ఉడకదు. మూత తీసి, మెతుకు నొక్కి చూసుకోవాల్సిందే. నీ టింగూ అంతే కదా?"

"అంతేనమ్మా. ఆగిందని చెప్తుంది. సరిగ్గా చేసిందని కాదు."

"ఇంకోటి చెప్పనా? నా వంటింట్లో పనులు మూడు రకాలు. అరిసెల పాకం ఉంది, దాని ముందు నుంచి కదలకూడదు. నీళ్ళలో వేసి చూస్తూనే ఉండాలి, క్షణం తేడా వస్తే అరిసె రాయైపోతుంది. కుక్కర్ ఉంది, పెట్టి వెళ్ళిపోవచ్చు, అదే పిలుస్తుంది. పెరుగు తోడు ఉంది, రాత్రి వేసి పడుకుంటే పొద్దున్నే చూసుకోవచ్చు. మధ్యలో లేచి కదిపితేనే పాడు. నువ్వు అన్నిటినీ కుక్కర్లు చేసి పెట్టుకున్నావు."

అది కాసేపు ఆలోచించింది. డబ్బు లెక్కల డేటాబేసులో మార్పులంటే పాకం, పక్కనే కూర్చుని చూడాలి. చిన్న చిన్న సవరణలు కుక్కర్. పాత కోడంతా చదివి ఎక్కడ ఏముందో రాసిపెట్టమనడం పెరుగు తోడు. వేళ్ళ మీద లెక్కేసుకుంది.

"రెండిటికీ ఒకటే టింగ్ ఎందుకు పెట్టావు? అయిపోయిన దానికి పరుగెందుకు? దించిన కుక్కర్ ఎక్కడికీ పోదు, ఆవిరి పోయేదాకా మూత కూడా తియ్యం. మాడేదాని దగ్గరికే కదా పరిగెత్తాలి?"

"మాడేది ఏదీ లేదమ్మా" అంది నెమ్మదిగా. "అడిగి ఆగినా అది ఊరికే ఆగి ఉంటుంది, అంతే. ఎంతసేపైనా ఉంటుంది."

"మరి ఎందుకే ఆ పరుగు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఒక్క పొయ్యి ఖాళీగా ఉన్నా ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుందట. ఒకడు నాలుగు నడుపుతున్నాడంటే ఇంకొకడు ఆరు నడుపుతున్నానంటాడట. ఇన్ని ఏజెంట్లు వచ్చాక ఇంతమంది మనుషులెందుకు అని ఎవరంటారోనని అందరికీ లోపల భయమేనట. పదేళ్ళప్పుడు గుమ్మంలో నిలబడ్డ పిల్ల మొహమే మళ్ళీ కనపడింది నాకు.

దాని తల నిమిరి అన్నాను. "ఆగి ఉన్నది ఇంకోటి కూడా ఉందే. దానికి టింగ్ లేదు."

అప్పుడు చెప్పాను. గర్భసంచిలో గడ్డలున్నాయని, ఏడాదిగా నెలసరికి పది పన్నెండు రోజులు ఆగకుండా పోతోందని, రక్తం 8కి పడిపోయిందని, గర్భసంచి తీసెయ్యమన్నారని. క్యాన్సర్ లాంటిది కాదన్నారని కూడా వెంటనే చెప్పాను. దాని మొహం చూసి ముందు అదే చెప్పాల్సిందనుకున్నాను.

నేను మాట్లాడుతుండగానే టింగ్ మంది. అటు చూసింది. చెయ్యి చాపి లాప్‌టాప్ మూత వేసేసింది.

"అయ్యో, నాలుగూ ఆగిపోతాయి కదే?"

"ఆగనీ. నువ్వు చెప్పు. రిపోర్టులేవి?"

తెల్లవారుజామున మూడున్నర దాకా కూర్చున్నాం. రిపోర్టులన్నీ చదివింది. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? కోసి చేస్తారా, చిన్న రంధ్రాలతోనా? రక్తం పెరగడానికి ముందు ఏం ఇస్తారు? నేను డాక్టరు గారిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, తలూపి వచ్చేశాను. కనుమ వెళ్ళాక అదే నన్ను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి ఈ ప్రశ్నలన్నీ కాగితం చూసుకుని మరీ అడిగింది. ఆవిడా ఆపరేషనే మంచిదన్నారు గానీ, నాకు అప్పుడు భయం సగం తగ్గింది. మీలో ఎవరైనా ఇలాంటిది మోస్తూ తిరుగుతుంటే దయచేసి పిల్లలకి చెప్పండి. వాళ్ళు చిన్నపిల్లలు కాదు. వాళ్ళు ఖాళీ అయ్యేదాకా చూద్దామంటే ఆ ఖాళీ రాదు.

ఆ విజిళ్ళ సంగతి కూడా అడిగాను. ఆ రోజు స్కూల్లో ఏమైందే అని. చాలా ఆలోచించింది. "నిజంగా గుర్తులేదమ్మా" అంది. నాకు మాత్రం అవి మూడు విజిళ్ళన్న సంగతి ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు టింగులన్నీ మార్చేసింది. పని అయిపోతే ఇంక శబ్దం లేదు, ఒక జాబితాలో చేరుతుంది. రోజుకి నాలుగు వేళలు పెట్టుకుని, అప్పుడు మాత్రం ఒక్కోటీ మూత తీసి, మెతుకు నొక్కి చూస్తుంది. పరీక్షల ఫైళ్ళు ముట్టుకోవద్దని ఏజెంట్లకి ముందే చెప్పి పెడుతుంది. రాత్రి తొమ్మిది దాటితే అన్నీ మూగనోమే. అడిగి ఆగిన వాటికి మాత్రం శబ్దం ఉంచింది. ఆ శబ్దం ఏం పెట్టాలన్నదానికి దానికో ఆలోచన వచ్చింది. ఫోను నా నోటి దగ్గర పెట్టి "అమ్మా, నన్ను పిలిచినట్టు పిలు" అంది.

ఏమని పిలవను? "అమ్ములూ, నిన్నేదో అడుగుతున్నారే, తీరిగ్గా చూడు" అన్నాను. అదే పెట్టుకుంది. పండగ మూడు రోజులూ మా ఇంట్లో నేను పెరట్లో ముగ్గు వేస్తుంటే నా గొంతు హాల్లో పిలిచేది. మా వారు ఒకసారి "ఎక్కడున్నావోయ్?" అని ఇల్లంతా వెతికారు. అరిసెల పాకం పట్టేటప్పుడు మాత్రం మూత వేసి వచ్చి కూర్చుంది. పాకం చూడడం ఇన్నాళ్ళకి నేర్చుకుంది.

బెంగుళూరు వెళ్ళాక ఫోన్ చేసి చెప్పింది. మీటింగులో అందరూ ఉండగా నా గొంతు పెద్దగా వినిపించిందట. తెలుగు తెలిసిన వాళ్ళు నవ్వారట. ఒకమ్మాయి మాత్రం నవ్వకుండా, నాకూ మా అమ్మ చేత రికార్డు చేయించుకోవాలనుంది అందట.

ఫిబ్రవరిలో నా ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నాను, కంగారు పడకండి. అమ్ములు పది రోజులు సెలవు పెట్టి వచ్చింది. లాప్‌టాప్ తేలేదు. ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి వంటిల్లు మా వారి చేతిలో ఉంది.

మొన్న నేను మంచం మీద, అది నా కాళ్ళ దగ్గర, ఇద్దరం ఏవో కబుర్లు చెప్పుకుంటున్నాం. వంటింట్లో విజిళ్ళు వస్తూనే ఉన్నాయి. మా వారు గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చి, "ఏమోయ్, ఇప్పటికి ఎన్నయ్యాయి?" అన్నారు.

"నాకేం తెలుసండీ, నేను లెక్కపెట్టలేదు. ఆవిరి పోయాక మూత తీసి చూసుకోండి" అన్నాను.